అనుమానంతో రాసిన పుస్తకాలు

(14వ భాగం)

పోయిన వారం కథ హరా కోట బూడిద దగ్గర ఆగింది. 1638లో జపాన్‌ను ఏలుతున్న తొకుగవ షోగన్ల సేనలు ఆ కోటలో చిక్కుకున్న షిమబర తిరుగుబాటుదారుల్ని ఆడా మగా పిల్లా పాపా అని చూడకుండా నరికేశాయి. తిరగబడ్డవాళ్లలో ఎక్కువమంది పన్నుల బరువు మోయలేని రైతులే. కానీ వాళ్ల జెండా మీద క్రైస్తవ చిహ్నాలున్నాయి. ఎదో పట్నంలో కూర్చున్న షోగన్ ప్రభుత్వానికి ఆకలి కనిపించలేదు, జెండా కనిపించింది. 1614లోనే దేశమంతటా నిషేధించిన మతం ఇంకా బతికే ఉందన్న భయం పట్టుకుంది.

ఆ భయం నుంచి ఒక కచేరీ పుట్టింది. 1640లో మత విచారణ కోసం ప్రత్యేకంగా అధికారిని వేశారు. ప్రతి ఇల్లూ ఏదో ఒక బౌద్ధాలయానికి అనుబంధంగా ఉండి తీరాలి. ‘ఈ ఇంటివాళ్లు మా గుడివాళ్లే, కిరస్తానీలు కారు’ అని ఆ గుడి పూజారి పూచీ పడాలి. 1671 నాటికి ఇది దేశవ్యాప్తమైన నిబంధన అయింది. ఊరి పెద్ద ఏడాదికోసారి ఇల్లిల్లూ లెక్క తీసి, ఇంటి యజమాని ఎవరు, భార్య, తల్లి, పిల్లలు, పాలేర్లు ఎందరు, ఎవరికి ఎన్నేళ్లు, ఏ గుడి అని రాసి, పేరు పేరునా ముద్ర వేయించి పైకి పంపాలి. ఒక ప్రతి ప్రభువు కచేరీకి, ఒక ప్రతి ఊరి పెద్ద ఇంటి కొట్టంలోకి. వీటినే ‘షూమొన్ అరతమె చో’ అంటారు. మతం ఆరా తీసే పుస్తకం అని అర్థం.

మన దగ్గర కరణం చేసిన పని లాంటిదే కదా అనిపిస్తుంది. కొంతవరకే. కరణం లెక్కల్లో పొలం ఉంటుంది, శిస్తు ఉంటుంది, బాకీ ఉంటుంది. ఇంట్లో దోగాడే పసిపాపకు అందులో చోటుండదు. జపాన్ పుస్తకంలో ఆ పాప ఉంటుంది, రెండేళ్లదని వయసుతో సహా. పాపకు ఏ మతం మీద గురి ఉందో ఎవరికి కావాలి? కచేరీకి కావాలి. అనుమానం ఎవర్నీ వదలదు.

అలా రెండు వందల ఏళ్లు రాశారు. 1872లో, షోగన్ల తర్వాత వచ్చిన మేజీ ప్రభుత్వం కొత్త కుటుంబ రిజిస్టరు తెచ్చేదాకా రాశారు. తర్వాత ఆ కట్టలు చాలావరకు పురుగులు తిన్నవి తినగా, తడిసినవి తడవగా, ఊరి పెద్దల వారసుల కొట్టాల్లో పడి ఉన్నాయి. చరిత్రకారులకు వాటి సంగతి తెలియక కాదు. వాటితో ఏం చేయాలో తెలియక. యుద్ధం లేదు, ఒప్పందం లేదు, ఒక్క ప్రముఖుడి పేరు లేదు. ఫలానా ఇల్లు, ఇంతమంది మనుషులు, ఫలానా గుడి. మళ్లీ మరుసటి ఏడు అదే.

వాటితో ఏం చేయాలో చూపించినవాడు హయామి అకిర (1929–2019). టోక్యోలోని కెయో విశ్వవిద్యాలయంలో ఆర్థిక చరిత్ర చెప్పేవాడు. 1963లో యూరప్ వెళ్లాడు. అక్కడ ఫ్రాన్సులో లూయీ ఆన్రీ అనే జనాభా శాస్త్రవేత్త చేస్తున్న పని కంటపడింది. ఫ్రెంచి పల్లెల చర్చిల్లో పాత పుస్తకాలుంటాయి. ఫలానా రోజు ఫలానా బిడ్డకు జ్ఞానస్నానం, ఫలానా రోజు పెళ్లి, ఫలానా రోజు సమాధి అని పాదిరి రాసుకున్నవి. ఆన్రీ ఆ మూడు రకాల పద్దుల్నీ పేరుకు పేరు జతచేసి, విడిపోయిన కుటుంబాన్ని మళ్లీ కాగితం మీద నిలబెట్టాడు. నార్మండీలోని క్రూలే అనే చిన్న ఊరి మీద ఆయన, ఎత్యెన్ గోత్యే కలిసి వేసిన పుస్తకం 1958లో వచ్చింది. పెళ్లినాటికి అమ్మాయికి ఎన్నేళ్లు, కాన్పుకీ కాన్పుకీ ఎడమెంత, ఎంతమంది పిల్లలు బతికి బట్టకట్టారు – రాజులెవరూ అడగని ప్రశ్నలకు ఆ ఊరు జవాబు చెప్పింది.

హయామికి తన దేశపు కొట్టాలు గుర్తొచ్చాయి. ఇందులో ఉన్న వింత ఆయనకు తట్టకుండా ఉండదు. క్రైస్తవులు తమ విశ్వాసంతో రాసుకున్న పుస్తకాలతో ఫ్రాన్సులో సాగిన పని, క్రైస్తవుల్ని పట్టుకోవడానికి రాసిన పుస్తకాలతో జపాన్‌లో సాగబోతోంది. పైగా ఒక విషయంలో జపాన్ పుస్తకాలే మెరుగు. పాదిరి పుస్తకంలో మనిషి మూడుసార్లే కనిపిస్తాడు – పుట్టినప్పుడు, పెళ్లప్పుడు, పోయినప్పుడు. మధ్యలో ఏమయ్యాడో తెలియదు. జపాన్ పుస్తకంలో ఏడాదికోసారి తప్పకుండా హాజరు వేయించుకుంటాడు. ఏ ఇంట్లో, ఎవరి పక్కన, ఏ వరసలో ఉన్నాడో తెలుస్తుంది.

తిరిగొచ్చాక పని మొదలైంది. ఇలాంటి పరిశోధన గురించి చెప్పేటప్పుడు మనం ‘కనుగొన్నారు’ అని ఒక్క మాటలో తేల్చేస్తాం. నిజానికి అది ఏళ్ల తరబడి సాగే గుమాస్తా పని. ఊళ్లు తిరగాలి, కట్టలున్న ఇంటివాళ్లను ఒప్పించాలి, పేజీ పేజీ ఫొటో తీయాలి, గొలుసుకట్టు రాతను అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. హయామి బృందం ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక్కో కుటుంబానికి ఒక్కో పెద్ద కాగితం. ఒక దిక్కున సంవత్సరాలు, ఒక దిక్కున మనుషులు. వందేళ్ల పుస్తకాల్లో చెదిరి ఉన్న ఒకే ఇంటి పద్దులన్నీ ఆ కాగితం మీదికి చేరతాయి. అప్పుడు ఒక్క చూపులో ఇంటి కథ కనిపిస్తుంది: ఈ ఏడు కొత్త గీత మొదలైంది, కోడలు వచ్చింది. రెండేళ్లకు కింద చిన్న గీత. ఆ పైఏడు చిన్న గీత లేదు.

వయసు దగ్గరే ఒక మెలిక ఉంది. జపాన్ పాత లెక్కలో బిడ్డ పుట్టగానే ఒకటో ఏడు. కొత్త సంవత్సరం రాగానే రెండో ఏడు. సంవత్సరం చివరి రోజున పుట్టిన బిడ్డకు మర్నాడే రెండేళ్లు. మన పెద్దవాళ్లు ‘వాడికి పదో ఏడు నడుస్తోంది’ అనే లెక్కకు ఇది దగ్గర, కాకపోతే ఇంకాస్త తొందరపాటు లెక్క. దీన్ని సరిచూసుకోకపోతే పసిపిల్లల చావుల లెక్కంతా తప్పుతుంది.

హయామి మొదట దిగిన చోట్లలో ఒకటి మధ్య జపాన్ కొండల్లోని సువ ప్రాంతం. యొకోఉచి అనే ఊరికి 1671 నుంచి 1871 దాకా పుస్తకాలు దొరికాయి. రెండు వందల ఏళ్ల సినిమా అది. మొదటి రీళ్లలో ఇల్లంటే ఏడుగురు చిల్లర మనుషులు – యజమాని, భార్యాపిల్లలు, పెళ్లి కాని తమ్ముళ్లు, మేనత్తలు, తరతరాలుగా ఆ ఇంటికే కట్టుబడిన పాలేర్లు. తమ్ముడికీ పాలేరుకూ పెళ్లి దక్కడం కష్టం, ఇంట్లో చాకిరీ మాత్రం దక్కుతుంది. ఆఖరి రీళ్లకు వచ్చేసరికి ఇంటికి నలుగురైదుగురే. ఇళ్ల సంఖ్య పెరిగింది. తమ్ముడు వేరుపడ్డాడు, పాలేరు కొడుకు సొంత కొంప కట్టుకున్నాడు, ఇద్దరికీ పెళ్లిళ్లయ్యాయి. పదిహేడో శతాబ్దంలో జపాన్ జనాభా అంతగా పెరగడానికి పెద్ద కారణం ఇదేనని హయామి వాదించాడు. కొత్త పంట కాదు, కొత్త మందు కాదు. అంతకుముందు పెళ్లి భాగ్యం లేనివాళ్లకు పెళ్లయింది.

చిన్న కుటుంబం చిన్న కమతాన్ని ఎలా దున్నింది? నోబి మైదానం (నేటి నగొయ చుట్టుపక్కల) లెక్కల్లో ఆయనకు ఒక విడ్డూరం కనిపించింది. మనుషులు పెరిగారు, గుర్రాలూ పశువులూ తగ్గాయి, దాదాపు సగానికి. సాధారణంగా వ్యవసాయం ముందుకు పోయిందంటే పశుబలం పెరగాలి. ఇక్కడ పశువు చేసే పని మనిషి మీదికి వచ్చింది. నాగలి పోయి పార వచ్చింది. లోతుగా తవ్వడం, ఎరువు మోయడం, ఒకే చెక్కలో ఏడాదికి రెండు పంటలు తీయడం – అన్నీ మనిషి రెక్కల మీదే. 1976లో హయామి దీనికి ‘కిన్బెన్ కకుమెయ్’ అని పేరు పెట్టాడు. ఇంగ్లండులో జరిగింది యంత్రాల విప్లవం, ఇక్కడ జరిగింది కష్టించడంలో విప్లవం అని. ఇది తెలుగులోకి తెద్దామంటే మన భాషే ఒక తమాషా చేస్తుంది. ‘పరిశ్రమ’ అంటే మనకు ఫ్యాక్టరీ. అసలు అర్థం ఒళ్లు వంచి పాటుపడటం. ఇంగ్లండుది మొదటి పరిశ్రమ, జపాన్‌ది రెండో పరిశ్రమ. తర్వాత 1990ల్లో యాన్ డి వ్రీస్ అనే చరిత్రకారుడు ఇదే మాటను యూరప్‌కు పట్టుకెళ్లి వేరే అర్థంలో వాడాడు. కొత్త సరుకులు కొనుక్కోవాలన్న ఆశతో కుటుంబాలు ఎక్కువ గంటలు పనిచేశాయని ఆయన వాదన. హయామి రైతు చీటీ గుడ్డల కోసం పార పట్టలేదు. ఈ రెంటినీ ఒకే గాట కట్టే రాతలు ఇప్పటికీ వస్తుంటాయి.

నాకు అన్నిటికంటే మనసులో నిలిచిపోయింది నిషిజో. మినో రాష్ట్రంలో చిన్న ఊరు, 1773 నుంచి 1869 దాకా పుస్తకాలున్నాయి. వీటిలో ఒక అదనపు సంగతి రాశారు – ఎవరు ఊరు విడిచి పనికి వెళ్లారు, ఎక్కడికి వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు. ‘దెకసెగి’ అంటారు, మన పాలమూరు వలస లాంటి మాట. పదకొండో ఏడు దాకా బతికిన మగపిల్లల్లో సుమారు సగం మంది, ఆడపిల్లల్లో అంతకంటే ఎక్కువ మంది ఎప్పుడో ఒకప్పుడు అలా వెళ్లినవాళ్లే. క్యోటో, ఒసాకా, నగొయ పట్నాల్లో ఇంటిపనికీ, దుకాణాల్లో పనికీ వెళ్లారు. కౌలు రైతుల ఇళ్ల నుంచే ఎక్కువ.

వెళ్లిన అమ్మాయి తిరిగొచ్చి పెళ్లి చేసుకునేసరికి, వెళ్లని అమ్మాయి కంటే దాదాపు ఐదేళ్లు ఆలస్యం. ఐదేళ్ల ఆలస్యం అంటే ఒకరిద్దరు పిల్లలు తక్కువ. కొందరు తిరిగే రాలేదు. వాళ్లలో చాలామంది పేర్ల ఎదుట పట్నంలోనే చనిపోయినట్టు రాసి ఉంది. ఇరుకు గదులు, అంటురోగాలు. అందుకే నిషిజోలో బీద ఇళ్లు ఒక్కొక్కటే దీపం ఆరిపోతూ వచ్చాయి. భూమి ఉన్నవాళ్ల ఇళ్లు చీలి, ఆ ఖాళీల్లోకి దిగాయి. పై మెట్టు నుంచి కింది మెట్టుకు జారడమే తప్ప కింది నుంచి పైకి ఎక్కడం తక్కువ.

ఇసుకలో గరాటులా గుంట చేసి, అడుగున నక్కి, జారిపడే చీమల్ని పట్టుకునే పురుగును మనమంతా చిన్నప్పుడు పుల్లతో కదిలించినవాళ్లమే. పట్నం అలాంటి గుంట అన్నాడు హయామి. ఆ పురుగు పేరే ఆ సిద్ధాంతానికి పెట్టాడు. పల్లె మనుషుల్ని కంటుంది, పట్నం మింగుతుంది. దేశం మొత్తం లెక్కలోని చిక్కు దీంతో కొంత విడిపోతుంది. 1721లో షోగన్ యోషిమునె తీయించిన జనాభా లెక్కలో సామాన్యులు రెండు కోట్ల అరవై లక్షలు. 1846లో కూడా దాదాపు అంతే. ఈ కదలని అంకె చూసి, నూట పాతికేళ్లు జపాన్ నిద్రపోయిందని రాసినవాళ్లున్నారు. అంకెను ప్రాంతాలుగా విడదీస్తే నిద్ర ఎక్కడా లేదు. చలిదెబ్బలూ కరువులూ తిన్న ఈశాన్యం తగ్గింది. పెద్ద పట్నాలైన ఎదో, క్యోటో, ఒసాకా చుట్టుపక్కల తగ్గింది. నైరుతి పెరిగింది. కూడిక తీసివేతలు సరిపోయి అంకె కదలనట్టు నిలబడింది.

ఇక పుస్తకంలో లేని మనుషుల సంగతి. లెక్క ఏడాదికోసారే. రెండు లెక్కల మధ్య పుట్టి, ఆ మధ్యలోనే పోయిన బిడ్డ పేరు ఎక్కడా ఎక్కదు. కొన్ని సంస్థానాల్లో ఎనిమిదో ఏడు వచ్చాకే పిల్లల్ని రాసేవారు. అంతకుముందు పోయినవాళ్లు అసలు పుట్టనట్టే. పెళ్లయిన ఆడవాళ్లకు చాలా పుస్తకాల్లో పేరు ఉండదు. నిన్నటిదాకా తండ్రి ఇంట పేరుతో ఉన్న అమ్మాయి, అత్తింటి పుటలో ‘భార్య’. కొడుకు యజమాని అయ్యాక ‘తల్లి’. ఆమెను ఇంటి నుంచి ఇంటికి వెతుక్కుంటూ పోవాలంటే వయసే ఆధారం. మనలో ఎంతమందికి ముత్తవ్వ పేరు తెలుసో ఒకసారి లెక్క వేసుకుంటే, అక్కడి ఊరి పెద్దను తిట్టడానికి నోరు రాదు.

తెలిసి తెలిసి లేకుండా చేసిన పిల్లలూ ఉన్నారు. దానికి వాళ్ల మాట ‘మబికి’. ఒత్తుగా మొలిచిన మొక్కల్లో కొన్నిటిని పీకేసి, మిగతావాటికి చోటివ్వడం. పొలం మాట పురిటింట్లోకి వచ్చింది. పుస్తకాల్లో ఇది ఎక్కడా రాసి ఉండదు. అయినా పట్టుకున్నారు. అమెరికన్ చరిత్రకారుడు థామస్ స్మిత్ 1977లో ‘నకహర’ అని మారుపేరు పెట్టిన ఒక ఊరి మీద పుస్తకం రాశాడు. అప్పటికి ఇంట్లో ఉన్న పిల్లల్లో ఆడపిల్లలు ఎక్కువైతే పుస్తకంలోకి ఎక్కే తర్వాతి బిడ్డ మగపిల్లవాడు కావడం, మగపిల్లలు ఎక్కువైతే ఆడపిల్ల కావడం – ఇది ప్రకృతి చేసే పని కాదని ఆయన తేల్చాడు. ఆడపిల్లల్ని మాత్రమే కాదు, ఇంటి పొందికను బట్టి ఇద్దరినీ. 2013లో ఫేబియన్ డ్రిక్స్లర్ తూర్పు జపాన్ మొత్తాన్ని తీసుకుని, ఆ అలవాటు ఎలా పాతుకుపోయిందో, పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి ఎలా వెనక్కి మళ్లిందో చూపించాడు. కొన్ని సంస్థానాలు గర్భిణుల పేర్లు రాసుకోవడం, బీద తల్లులకు భత్యం ఇవ్వడం దాకా వెళ్లాయి. ప్రభువులకు దయ పుట్టుకొచ్చిందని నేననుకోను. దున్నేవాళ్లు కరువైతే పన్ను కట్టేదెవరు?

అయితే ఈ పుస్తకాల్లో అంతా చావే ఉందనుకుంటే పొరపాటు. ఇల్లరికాలు కుప్పలుగా ఉన్నాయి. కొడుకులు లేనింటికి అల్లుడు వచ్చి, ఆ ఇంటిపేరు పెట్టుకుని, యజమాని అయి కూర్చుంటాడు. మన ఇల్లరికపుటల్లుడికి ఉన్న నామోషీ అక్కడ అంతగా లేదు. ఈశాన్యాన షిమొమొరియ, నీత అనే ఊళ్ల లెక్కలు చూస్తే విడాకులు సర్వసాధారణం, మారుమనువులు అంతకంటే మామూలు. ‘పూర్వం ఆసియా కుటుంబం’ అని నోరారా ఒకటే ముద్దగా మాట్లాడేవాళ్లు ఈ రెండు ఊళ్లనూ, నైరుతి ఊళ్లనూ పక్కపక్కన పెట్టి చూడాలి. పద్దెనిమిదో శతాబ్దంలో ఈశాన్యాన అమ్మాయికి పదిహేనేళ్లు అటూ ఇటూగా పెళ్లయిపోతోంది. నైరుతిన ఇరవై దాటుతోంది. ఒకే దేశం, ఒకే చట్టం.

రాసింది ఎంతవరకు నమ్మాలి అన్నదానికి ఒక ఉదాహరణ చెప్పి ముందుకు పోతాను. మనలాగే చైనా, జపాన్‌లకూ అరవై ఏళ్ల చక్రం ఉంది. అందులో ‘అగ్ని అశ్వం’ ఏడు పుట్టిన ఆడది మొగుణ్ని మింగుతుందని జపాన్‌లో నమ్మకం. 1906 ఆ ఏడే. చాలామంది ఆ సంవత్సరం పుట్టిన కూతుళ్లను ముందు ఏడో, తర్వాతి ఏడో పుట్టినట్టు రాయించారు. 1966 వచ్చేసరికి రాతను మార్చాల్సిన పని లేకుండా పిల్లల్ని కనడమే వాయిదా వేసుకున్నారు. 1965లో 18 లక్షల 20 వేలున్న కాన్పులు ఆ ఏడు 13 లక్షల 60 వేలకు పడిపోయి, మరుసటి ఏడు 19 లక్షలు దాటాయి. బుల్లెట్ రైలు పరుగెడుతున్న జపాన్‌లో. మన చక్రంలో అది పరాభవ నామ సంవత్సరం, ఆ పేరు విని మనవాళ్లెవరూ కాన్పులు ఆపుకోలేదు. 2026లో ఉగాదితో రెండు చక్రాలూ మళ్లీ అక్కడికే వచ్చాయి.

పక్కనున్న చైనాలో ఇలాంటి పుస్తకాలు లేవా అంటే, లెక్కలకు లోటు లేదు. నమ్మదగిన లెక్కలకే లోటు. శతాబ్దాల పాటు అక్కడి కాగితాల్లో ‘దింగ్’ అనే అంకె కనిపిస్తుంది. దింగ్ అంటే పదహారు నుంచి అరవై ఏళ్ల మధ్య మగవాడు. కాబట్టి దింగ్‌ల సంఖ్యను ఇంతతో హెచ్చిస్తే దేశ జనాభా వస్తుందని పండితులు గుణిస్తూ కూర్చున్నారు. 1959లో హొ పింగ్-తి ఆ గుణకారాన్ని ఆపేశాడు. మింగ్ కాలం గడుస్తున్నకొద్దీ దింగ్ అంటే మనిషి కావడం మానేసి పన్ను వాటా అయిందని నిరూపించాడు. కొన్ని జిల్లాల లెక్కల్లో దింగ్ భిన్నాల్లో, దశాంశాల్లో ఉంటుంది. మనిషి దశాంశాల్లో ఉండడు కదా! ఇంత తేలికైన సంగతి అంతమంది పెద్దల కళ్లెదుటే అన్నాళ్లు దాక్కుంది.

మనుషులే ఉన్న లెక్కలు ఈశాన్యాన లియావోనింగ్‌లో దొరికాయి. మంచూ రాజుల ‘ఎనిమిది పతాకాల’ వ్యవస్థ కింద ప్రభుత్వ భూముల్ని సాగుచేసిన రైతుల పేర్లు మూడేళ్లకోసారి రాసేవారు. మతం గొడవ లేదు; తమ జీతగాళ్లు ఎవరో, ఎక్కడున్నారో ప్రభుత్వానికి తెలియాలి. షెన్యాంగ్ శివారులోని దావొయి చుట్టుపక్కల 1774–1873 మధ్య బతికిన పన్నెండు వేల మంది మీద జేమ్స్ లీ, కామెరన్ క్యాంబెల్ 1997లో పుస్తకం తెచ్చారు. తర్వాత హయామి చొరవతో జపాన్, చైనా, స్వీడన్, బెల్జియం, ఇటలీ ఊళ్లను ఒకే కొలతతో కొలిచే ఉమ్మడి పరిశోధన సాగింది. 2004లో వచ్చిన దాని ఫలితం ఆర్థికవేత్త మాల్థస్‌కు గట్టి దెబ్బ. యూరప్ వాళ్లు ముందుచూపుతో పెళ్లిళ్లు ఆపుకుంటారు, ఆసియా వాళ్లను కరువే అదుపు చేస్తుంది – ఇది మాల్థస్ నమ్మకం. ఆయన ఈ పాఠం చెప్పింది ఎవరికి? హెయిలీబరీ కాలేజీలో ఈస్టిండియా కంపెనీ కుర్ర దొరలకు. వాళ్లే తర్వాత మన జిల్లాలు ఏలారు. కానీ ధాన్యం ధర పెరిగినప్పుడు ఎవరు చచ్చారో ఊరూరా లెక్క తీస్తే, తూర్పు పడమర తేడా అంతగా లేదు. దక్షిణ స్వీడన్‌లో భూమి లేని కూలీలు కూడా ధర పెరిగితే రాలిపోయారు. చైనా దంపతులు కూడా పిల్లల సంఖ్యను తమ పద్ధతిలో అదుపులో పెట్టుకున్నారు. ఆ పద్ధతుల్లో ఆడబిడ్డల్ని పురిట్లోనే వదిలించుకోవడమూ ఒకటి.

ఇంతకీ జపాన్ పుస్తకాలు అసలు పని చేశాయా? క్రైస్తవుల్ని పట్టుకున్నాయా?

1865 మార్చి 17న, నాగసాకిలో విదేశీయుల కోసం కొత్తగా కట్టిన ఒఉర చర్చి గుమ్మంలోకి ఉరకమి అనే పక్క ఊరి మనుషులు పదిహేను మంది దాకా వచ్చారు. లోపల ఫ్రెంచి పాదిరి పెతిజాఁ ఉన్నాడు. జపానీయులెవరూ ఆ మతంలో లేరన్నదే ఆయనకు తెలిసిన సంగతి. ఒక స్త్రీ దగ్గరికి వచ్చి, తమ అందరిదీ ఆయన మనసులాంటి మనసేనని మెల్లగా చెప్పి, మరియమ్మ బొమ్మ ఎక్కడుందని అడిగింది. పాదిరి అన్నవాడు లేకుండా ఏడు తరాలు వాళ్లు జపాలు నోటికి నేర్చుకుని దాచుకున్నారు. ఏటేటా గుడి పుస్తకంలో పేరు రాయించుకున్నారు, ముద్ర వేశారు, బౌద్ధులుగా లెక్కకెక్కారు.

ఆ గుట్టు బయటపడ్డాక, ఉరకమి జనాన్ని మూడు వేల మందికి పైగా దేశం నలుమూలల సంస్థానాలకు చెదరగొట్టారు. ఆ ప్రవాసం కథ వచ్చే వారం.